కెంటకీ పీపా – చికాగో బీరు

చికాగో నగరం పేరు వినగానే మన దేశస్థులకు ముందుగా స్ఫురించేది 1893 సెప్టెంబరులో సర్వమత మహాసభలో స్వామి వివేకానంద చేసిన ప్రసంగం. కార్మిక సోదరులకైతే 1886 మే నెలలో ఎనిమిది గంటల పనిదినం కోసం అక్కడ జరిగిన సమ్మె, హేమార్కెట్ కూడలిలో పేలిన బాంబు, ఆ దరిమిలా ఉరికంబమెక్కిన నాయకులు జ్ఞప్తికి వస్తారు. మనం ఏటేటా జరుపుకొనే మే దినోత్సవానికి మూలం ఆ కూడలియే. అక్కడి నుండి పడమరగా రెండు మైళ్ళ లోపున, ఫుల్టన్ వీధిలో, 1995లో ఒక బీరు కర్మాగారం వెలసింది. దాని పేరు గూస్ ఐలాండ్. ఆ సంస్థ పేరుతో ముడిపడి ప్రసిద్ధికెక్కిన ఒక పద్ధతి బీరు ప్రపంచపు అభిరుచినే మార్చివేసింది. విస్కీ తీసివేసిన పాత కొయ్య పీపాలలో చిక్కని నల్ల బీరును నెలల తరబడి ఊరబెట్టడమే ఆ పద్ధతి.

మద్యపానాన్ని ప్రోత్సహించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఉక్కు తొట్టెలు, పైపులు, వాల్వుల మధ్య ఉద్యోగ జీవితం గడిపే మనకు పాత్ర అంటే పదార్థాన్ని చెడకుండా, మారకుండా, కారకుండా నిలిపి ఉంచేది. పాత్ర రుచి పదార్థానికి అంటితే అది లోపమే. కొయ్య పీపా విషయంలో ఈ సూత్రం తలక్రిందులవుతుంది. అక్కడ పాత్రయే పదార్థంలో సగం పని చేస్తుంది. అది ఎలా చేస్తుందో, దానికి చెల్లించవలసిన మూల్యమేమిటో తెలుసుకోవాలంటే చికాగోలో మొదలుపెడితే చాలదు. పీపా పుట్టిన చోటికి, అనగా దక్షిణాన ఉన్న కెంటకీ రాష్ట్రానికి వెళ్ళాలి.

చికాగో నుండి కెంటకీలోని లూయీవిల్ నగరానికి 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 300 మైళ్ళు. దారిలో అధిక భాగం ఇండియానా రాష్ట్రం. మేము ప్రయాణించినది అక్టోబరు నెల. రహదారికి రెండు వైపులా కనుచూపు మేర ఎండి బంగారు రంగుకు తిరిగిన మొక్కజొన్న చేలు. నడుమ నడుమ వరుసలు తీరిన వందలాది గాలిమరలు. ఈ మొక్కజొన్నకూ మన కథకూ సంబంధం లేకపోలేదు. బోర్బన్ అనే అమెరికన్ విస్కీ తయారీకి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండి తీరాలని అక్కడి చట్టం. ఒహాయో నది దాటగానే కెంటకీ. గడియారాన్ని అంతకు ముందే, ఇండియానాలోనే, ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. నేల కూడా చదును తగ్గి, చిన్న చిన్న గుట్టలుగా లేస్తుంది. ఆ గుట్టల క్రింద సున్నపురాయి. దానిలో వడగట్టబడి వచ్చే నీటిలో ఇనుము ఉండదు; సున్నపు లవణాలు ఉంటాయి. విస్కీ పరిశ్రమ ఇక్కడ స్థిరపడడానికి ఈ నీరు ఒక కారణమని చెబుతారు.

లూయీవిల్‌కు దక్షిణంగా 40 మైళ్ళ దూరంలో బార్డ్స్‌టౌన్ అనే చిన్న పట్టణం ఉన్నది. బోర్బన్‌కు ప్రపంచ రాజధాని తామేనని ఆ ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. మరొక పాతిక మైళ్ళు వెళితే 1809లో అబ్రహాం లింకన్ జన్మించిన హాడ్జెన్‌విల్ ప్రాంతం. ఇటువంటి ఊళ్ళ నడుమ, పచ్చిక బయళ్ళలో, ఆరేడు అంతస్తుల ఎత్తున, చిన్న చిన్న కిటికీలతో నిలిచిన గిడ్డంగులు దూరం నుండే కానవస్తాయి. వాటి లోపల ఉన్నవన్నీ పీపాలే.

ముందుగా పీపా నిర్మాణం. దీనికి వాడేది అమెరికా తెల్ల ఓక్ కలప. డెబ్బై, ఎనభై సంవత్సరాలు పెరిగిన చెట్టు కావాలి. ఓక్ జాతులన్నీ ఇందుకు పనికిరావు. ఎర్ర ఓక్ కలపలోని నీటినాళాలు తెరచిన గొట్టాల వంటివి. చిన్న ముక్క తీసుకొని ఒక కొసన ఊదితే రెండవ కొస నుండి గాలి వస్తుంది. తెల్ల ఓక్‌లో చెట్టు ముదిరే కొద్దీ ఆ నాళాలు లోపల పెరిగే పలుచని పొరలతో పూడిపోతాయి. అందువల్ల ద్రవం కారదు. గాలి మాత్రం అతి స్వల్పంగా, అతి నిదానంగా లోనికి చేరుతూ ఉంటుంది. ఈ స్వల్పమైన గాలిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మంచికీ చెడుకీ కూడా అదే మూలం.

కలపను బద్దలుగా చీల్చి, ఆరుబయట ఎండకూ వానకూ నెలల తరబడి వదలివేస్తారు. పచ్చి కలపలోని ఘాటైన వగరు కొంత ఆ విధంగా పోతుంది. తరువాత సుమారు ముప్ఫై బద్దలను గుండ్రంగా నిలిపి, ఆవిరితో మెత్తబరచి, వంచి, ఇనుప కట్లు తొడుగుతారు. మేకు లేదు, జిగురు లేదు. మన ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్ళు పోసి బిగించడం మనలో చాలామంది చూసినదే. పీపా కట్టుకు ఆ అవసరం లేదు. పీపా నడుము లావు, కొసలు సన్నం; కట్టును కొస నుండి నడుము వైపు కొట్టే కొద్దీ దానంతట అదే బిగుస్తుంది. తడి తగిలి కలప ఉబ్బగానే సందులు పూర్తిగా మూసుకుంటాయి. ఈ విధంగా తయారైన పీపాలో సుమారు 200 లీటర్లు పడుతుంది.

చివరి అంకం మంట. పీపా లోపలి భాగాన్ని ఒక నిమిషానికి లోపుగానే భగ్గున కాల్చి ఆర్పివేస్తారు. లోపల నల్లని బొగ్గు పొర ఏర్పడుతుంది. చూడడానికి మొరటుగా ఉన్నా రుచికి సంబంధించిన రహస్యమంతా ఈ కొద్ది క్షణాలలోనే ఉన్నది. కలపలోని హెమిసెల్యులోజ్ అనే పదార్థం వేడికి విరిగి చక్కెరలుగా మారి, పాకం వలె ముదురుతుంది. లిగ్నిన్ అనే మరొక పదార్థం విరిగినప్పుడు వెనిలిన్ పుడుతుంది. వెనిలా పరిమళానికి మూలమైన పదార్థమే అది. లవంగపు వాసన, పొగ వాసన గల అణువులు కూడా అప్పుడే వెలువడతాయి. ఇవికాక, అమెరికా ఓక్‌లో సహజంగానే అధికంగా ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసననిస్తాయి. బొగ్గు పొర తన వంతుగా కొత్త మద్యంలోని గంధకపు దుర్వాసనను పీల్చుకుంటుంది.

అటువంటి పీపాలో విస్కీ పోసి గిడ్డంగిలో పెడతారు. ఆ గిడ్డంగులలో సాధారణంగా చలికి వేడిమి గాని, వేసవికి చల్లదనం గాని ఏర్పాటు చేయరు. కెంటకీ వేసవిలో ద్రవం వ్యాకోచించి కొయ్య లోపలికి చొచ్చుకుపోతుంది. శీతకాలంలో సంకోచించి, కొయ్యలోని సారాన్ని వెంటబెట్టుకొని వెనుకకు వస్తుంది. పీపా ఈ విధంగా నాలుగేళ్ళో, ఎనిమిదేళ్ళో శ్వాసిస్తుంది. ఆ శ్వాసలో ఏటా కొన్ని శాతాల సరుకు ఆవిరై పోతుంది. దీనిని వారు 'దేవదూతల వాటా' అంటారు. ఆ వాటాకు మరొక వాటాదారు కూడా ఉన్నది. ఆ ఆవిరిని ఆహారంగా చేసుకొని పెరిగే ఒక నల్లని బూజు గిడ్డంగుల గోడలనూ, చుట్టుప్రక్కల చెట్లనూ, పొరుగిళ్ళ కప్పులనూ మసిబారిన వాటిలా చేస్తుంది. శాస్త్రజ్ఞులు దానికి 2007లో బౌడోయినియా అని పేరు పెట్టారు. పరిశ్రమ తమ ఇళ్ళకు నలుపు పూస్తున్నదని పొరుగువారు ఫిర్యాదు చేయడం కూడా కద్దు.

కెంటకీ జనాభా సుమారు 45 లక్షలు. అక్కడ నిలువ ఉన్న పీపాలు కోటికి పైగా. ఇంత ఆల్కహాలును ఎండు కలపలో నింపి ఒకే చోట పేర్చడంలోని ప్రమాదం వేరుగా చెప్పనక్కర లేదు. 1996 నవంబరు 7న బార్డ్స్‌టౌన్‌లోని హెవెన్ హిల్ సంస్థలో అగ్ని చెలరేగి ఏడు గిడ్డంగులు, సుమారు 90 వేల పీపాలు దగ్ధమయ్యాయి. మండుతున్న విస్కీ ఏరులై పారింది. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. భద్రతా వారోత్సవాలు జరుపుకొనే మనబోటి సంస్థలవారు గిడ్డంగుల మధ్య దూరం ఎంత ఉండాలో ఆలోచించడానికి ఇది చాలును.

ఇక మన కథను చికాగో వైపు త్రిప్పే అంశం ఒక నిబంధన. బోర్బన్‌ను కొత్తగా కాల్చిన ఓక్ పాత్రలోనే నిలువ చేయాలని 1930ల దశకంలో అమెరికా ప్రభుత్వం నిర్దేశించింది. కాబట్టి ఒకసారి వాడిన పీపా మరల బోర్బన్‌కు పనికిరాదు. అడవిలో డెబ్బై ఏళ్ళు పెరిగిన చెట్టు, ఇంత శ్రమతో తయారైన పాత్ర, ఒక్క వాడకంతో ఉద్యోగ విరమణ పొందుతుంది. అయితే విరమణానంతరం ఖాళీగా కూర్చోదు. పెక్కు పీపాలు స్కాట్లండుకు వెళ్ళి స్కాచ్ విస్కీని మోస్తాయి. కొన్ని లూయీజియానా రాష్ట్రంలోని ఏవరీ ద్వీపానికి వెళతాయి. అక్కడ టబాస్కో కారపు ద్రవం తయారుచేసేవారు ఎర్ర మిరపపండ్లను ఉప్పుతో రుబ్బి, ఆ ముద్దను ఈ పీపాలలో మూడేళ్ళ వరకు ఊరబెడతారు. కొరివికారం జాడీలకు అలవాటుపడిన మన ఇల్లాండ్రకు ఈ సంగతి వినోదంగా ఉండగలదు. మరికొన్ని పీపాలు బీరు చేసేవారి వద్దకు చేరుతాయి.

బీరును కొయ్య పీపాలో ఉంచడం కొత్త విషయం కాదు. లోహపు పాత్రలు రాకముందు బీరంతా కొయ్యలోనే ఉండేది. పద్దెనిమిదవ శతాబ్దం చివర లండన్ నుండి, 1820ల తరువాత బర్టన్ పట్టణం నుండి, మన మద్రాసు, కలకత్తా రేవులకు నెలల తరబడి సముద్రయానం చేసి వచ్చిన ఇంగ్లీషు బీరు కూడా ఓక్ పీపాలలోనే వచ్చింది. అయితే ఆనాటి బీరు తయారీదారులు పీపా రుచి బీరుకు అంటకూడదని పట్టుబట్టేవారు. అందుకే వారు బాల్టిక్ తీరపు ఓక్‌ను కోరుకునేవారు. అమెరికా ఓక్ అయితే రుచి అంటుకుంటుందని దూరంగా ఉంచేవారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఉక్కు, అల్యూమినియం పాత్రలు రాగానే కొయ్యను దాదాపు అందరూ వదలివేశారు. ఏ రుచిని దోషమని తాతలు తిరస్కరించారో, ఆ రుచినే గుణమని మనుమలు వెదకి తెచ్చుకున్నారు.

ఆ వెదకినవారిలో ప్రముఖుడు గ్రెగ్ హాల్. ఆయన తండ్రి జాన్ హాల్ 1988లో చికాగోలోని క్లైబోర్న్ వీధిలో గూస్ ఐలాండ్ అనే చిన్న బీరుశాలను స్థాపించాడు. చికాగో నదిలోని ఒక దీవి పేరు అది. 1990ల దశకపు తొలి సగంలో, ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ పట్టణంలో జరిగిన ఒక విందులో గ్రెగ్ హాల్‌కు కెంటకీ విస్కీ పరిశ్రమలో పెద్ద దిక్కు అయిన బూకర్ నో పరిచయమయ్యాడు. జిమ్ బీమ్ మనుమడాయన. ఆ పరిచయ ఫలితంగా ఆరు ఖాళీ పీపాలు చికాగో చేరాయి. తమ శాలలో వేయవ బీరుగా ఏదైనా విశేషం చేయాలనుకున్న హాల్, వాటిలో ఒక చిక్కని స్టౌట్‌ను నింపాడు. స్టౌట్ అనగా మాడేదాకా వేయించిన బార్లీ మాల్టుతో చేసే నల్లని బీరు. ఆ పానీయమే బోర్బన్ కౌంటీ స్టౌట్.

ఎందుకు చిక్కని బీరే కావాలి? మామూలు బీరులో ఆల్కహాలు 5 శాతం ఉంటుంది. దానిని ఇటువంటి పీపాలో పోస్తే కొయ్య రుచి క్రింద బీరు రుచి అణగిపోతుంది. పైగా నెలల తరబడి నిలువ ఉండే శక్తి దానికి లేదు. 11, 12 శాతం ఆల్కహాలు గల స్టౌట్ సంగతి వేరు. ఆల్కహాలు ఎక్కువైనందున లాక్టోన్లనూ వెనిలిన్‌నూ కొయ్య నుండి బాగా లాగగలదు. సూక్ష్మజీవులను చాలవరకు అడ్డుకోగలదు. పులియగా మిగిలిన చక్కెర కొయ్యలోని వగరును భరించగలదు. మాడిన మాల్టు చేదుకు, హాప్స్ పూల చేదుకు వెనిలా తీపి తోడై సరిపోతుంది.

పీపాలో ఒక ఏడాది అటూ ఇటూగా ఉన్నప్పుడు జరిగే మార్పులను నాలుగుగా చెప్పవచ్చును. మొదటిది, ఖాళీ పీపా నిజానికి ఖాళీ కాదు. దాని చెక్కలో కొన్ని లీటర్ల విస్కీ ఇంకి ఉంటుంది. అది బీరులోకి దిగి ఘాటును 13, 14 శాతానికో, అంతకు పైకో చేరుస్తుంది. రెండవది, కాల్చిన కొయ్యలోని పాకం, వెనిలా, కొబ్బరి గుణాలు. నాలుగేళ్ళు విస్కీ తిన్నాక కూడా కొయ్యలో బీరుకు చాలినంత మిగులుతుంది. మూడవది, కొయ్యలోని టానిన్లు. ఇవి పలుచని వగరునిచ్చి తీపి మొహం మొత్తకుండా కాపాడతాయి. నాల్గవది, కొయ్య గుండా దూరే గాలి. తాజా బీరును ఆక్సిజన్ పాడు చేస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అదే ఆక్సిజన్ చిక్కని నల్ల బీరును అతి నిదానంగా తాకినప్పుడు ఎండుద్రాక్ష, ఖర్జూరం, తోలు వంటి వాసనలు పుడతాయి. తొందరపడి ఒకేసారి ఇస్తే విషం, కాలం మీద కొద్దికొద్దిగా ఇస్తే ఔషధం అన్నమాట.

చికాగోలో ఒక బీరుశాలవారు ఒకే స్టౌట్‌ను రెండు చిన్న గ్లాసులలో ఇచ్చారు. ఒకటి ఉక్కు తొట్టెలోనిది, రెండవది పీపాలోనిది. మొదటిది మంచి పానీయమే. మాడిన కాఫీ గింజలు, ముదురు బెల్లపు పాకం, చివర గట్టి చేదు. మూడు రుచులు మూడుగా తెలుస్తున్నాయి. రెండవ గ్లాసును నోటి వద్దకు తేకముందే కొబ్బరి, వెనిలా పరిమళం ఎదురు వచ్చింది. గుక్కలో కాఫీ ఉన్నది గాని అంచులు అరిగిపోయినవి. బెల్లం ఉన్నది గాని ఖర్జూరం వైపు మొగ్గినది. చివరన నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు. కొత్త ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి వేరువేరుగా పలుకుతాయి. మూడు నెలలు ఊరిన తరువాత ఏది ఏదో విడదీయలేము. ఈ తేడా కూడా అటువంటిదే. ఒక్క భేదం ఏమిటంటే, మన జాడీ పింగాణిది. అది ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు. పీపా రెండూ చేస్తుంది.

అందుచేతనే ఏ రెండు పీపాల బీరూ ఒక్కలా ఉండదు. ఒకే తొట్టె నుండి ఒకే రోజున నింపినా, ఒక చెట్టు కలప వేరు, ఒక మంట వేరు, గిడ్డంగిలో ఉన్న చోటు వేరు. అనుభవజ్ఞులు ఒక్కొక్క పీపాను రుచి చూసి, పనికిరానివాటిని పారబోసి, మిగిలినవాటిని పాళ్ళు చూసి కలుపుతారు. ఈ పనిని యంత్రాలకు అప్పగించడం తేలిక కాదు.

ఆరు పీపాలతో మొదలైనది వేల పీపాలకు పెరిగింది. 2011లో గూస్ ఐలాండ్‌ను బహుళజాతి సంస్థ అయిన ఆన్‌హైజర్–బుష్ 3 కోట్ల 88 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. చిన్న సంస్థ చేతిపని పెద్ద సంస్థ చేతిలో నిలుస్తుందా అని అభిమానులు సందేహించారు. పరీక్ష 2015లో వచ్చింది. ఆ ఏడాది విడుదల చేసిన సీసాలలో కొన్ని పుల్లబడినవి. కారణం లాక్టోబాసిల్లస్ అసిటోటోలెరన్స్ అనే సూక్ష్మజీవి అని తేలింది. జపాను దేశపు సిర్కాలో తొలుత కనుగొన్న జీవి అది; ఆమ్లాన్ని తట్టుకోగలదు. అంత ఆల్కహాలు గల బీరులో అటువంటిది బ్రతుకుతుందని తయారీదారులు ఊహించలేదు. 2016లో సంస్థ కొనుగోలుదారులకు సొమ్ము తిరిగి ఇచ్చింది. ఆ సంవత్సరం నుండి సీసాలలో నింపే ముందు బీరును కొద్ది సేపు వేడిచేసి క్రిములను చంపే పాశ్చరీకరణ విధానాన్ని ప్రవేశపెట్టింది.

ఉక్కు తొట్టెను ఆవిరితోనూ క్షారంతోనూ కడిగి క్రిమిరహితం చేయవచ్చును. కొయ్యను చేయలేము. ద్రవం ఎంత లోతుకు పోయి రుచిని తెస్తుందో, క్రిమి కూడా అంత లోతున దాగగలదు. కల్లు గీసేవారి కుండలో నిన్నటి మడ్డి ఈనాటి కల్లును పులియబెట్టినట్లే, పీపాలో ఒకసారి చేరిన జీవి తరువాతి సరుకుకు ఎదురుచూస్తూ ఉంటుంది. ఇదే గుణాన్ని బెల్జియం దేశంలో పశ్చిమ ఫ్లాండర్స్ ప్రాంతంవారు కావాలని వాడుకుంటారు. రూసలారె పట్టణంలోని రోడెన్‌బాక్ సంస్థ, 1821లో స్థాపితమైనది, నిలువెత్తు ఓక్ తొట్టెలలో ఎర్రని బీరును రెండేళ్ళ వరకు ఉంచి, కొయ్యలో కాపురముండే జీవుల చేతనే పుల్లబరుస్తుంది. అక్కడ పులుపు లేకపోతే తప్పు. చికాగోలో పులుపు వస్తే తప్పు.

పాశ్చరీకరణను గురించి అభిమానులలో భేదాభిప్రాయాలు కలవు. వేడిచేసిన బీరు సీసాలో తరువాత అంతగా ఎదగదని కొందరి వాదన. డబ్బిచ్చి కొన్నవాడికి చెడిన సరుకు చేరకూడదని సంస్థ వాదన. ఉత్పత్తి రంగంలో పనిచేసేవారిగా మనం రెండవ వాదన బరువును తేలికగానే గ్రహించగలము. పదుగురు రుచి చూసి ఎంపిక చేసే ఆరు పీపాలకు సరిపోయే జాగ్రత్త వేల పీపాలకు సరిపోదు. అక్కడ పద్ధతి కావాలి. అయితే మొదటి వాదనను కూడా త్రోసివేయలేము. కొయ్యకున్న సన్నని రంధ్రాలను పూర్తిగా మూసివేస్తే క్రిమి రాదు గాని రుచి కూడా రాదు. అప్పుడు మిగిలేది మరొక ఉక్కు తొట్టె. పాశ్చరీకరణ ఆ రంధ్రాలను మూయలేదు. పీపా తన పని ముగించిన తరువాతనే కాపలా పెట్టింది. నా మట్టుకు అది న్యాయమైన రాజీ అని తోచింది.

బీరు తీసివేసిన తరువాత పీపా సత్తువ చాలావరకు ఉడిగిపోతుంది. రెండవసారి బీరు నింపితే విస్కీ రుచి తగ్గి వట్టి కొయ్య రుచి మిగులుతుంది. కొన్ని పీపాలను పుల్లని బీర్లు చేసేవారు తీసుకుంటారు. మిగిలినవాటిని నడుముకు అడ్డంగా కోసి తోటపని దుకాణాలలో అమ్ముతారు. చికాగో శివార్లలోని ఇళ్ళ ముంగిట అటువంటి సగం పీపాలు మట్టి నింపుకొని కనిపిస్తాయి. వేసవిలో వాటిలో పూలమొక్కలు, టమాటా, మిరప పెంచుతారు. అడుగున నీరు పోవడానికి వాటికి మరతో రంధ్రాలు వేస్తారు.